అన్యోన్య విలీన కాలం

కళ్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటారు. ఆ మాట అన్న పెద్దలెవరో గాని, వాళ్ళు ఎక్కడా ఉద్యోగం చెయ్యలేదని మాత్రం తెలుస్తూనే ఉంది. చేసి ఉంటే సెలవు చీటీ పెట్టేవారు, పెట్టి ఉంటే సామెత ఇంకోలా చెప్పేవారు.

చిక్కాల సుభాషిణికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు గుబ్బల సోమశేఖరం. తాడేపల్లిగూడెం రోడ్డులో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతాడు, నెమ్మదస్తుడు, తక్కువ మాట్లాడి ఎక్కువ నవ్వుతాడు. మాఘమాసంలో మిట్టమధ్యాహ్నం ముహూర్తం పెట్టారు. అది దాటితే మళ్ళీ వాళ్ళిద్దరి నక్షత్రాలకీ పొసగే ముహూర్తం దసరా వెళ్ళాక గాని లేదని పంతులుగారు పంచాంగం మూసేశారు. సుభాషిణికి అన్నాళ్ళు ఆగాలని లేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే ఒక్కరోజు కూడా ఆగాలని లేదు.

ఆవిడ పనిచేసేది తణుకులో, తాటాకు ఉత్పత్తుల అభివృద్ధి మండలిలో. పల్లెల్లో విసనకర్రలు, బుట్టలు, చాపలు అల్లించి పట్నాల్లో అమ్మించడం ఆ మండలి ఆశయం. ఆఫీసులో గదికో ఏసీ ఉండటం వల్ల విసనకర్రతో అవసరం ఎలా ఉంటుందో అక్కడివాళ్ళు మరిచిపోయి చాలాకాలమైంది. సుభాషిణి ప్రచార సహాయకురాలు. ఫొటోలు తియ్యడం, కరపత్రాలు వేయించడం, వీడియోలు కూర్చడం అన్నీ ఆవిడ పనులే. మండలికి పాతికేళ్ళు నిండుతున్న సందర్భంగా ఒక వీడియో తయారు చెయ్యమని చెబితే, పది నిమిషాల్లో చూసెయ్యగలిగేలా చక్కగా తయారు చేసింది.

దాంతోపాటే సెలవు చీటీ కూడా పెట్టింది. పరిపాలనాధికారి హయగ్రీవరావు గారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, ఎవర్నీ కసరడు. నియమం లేని చోట ఆయనకు ఊపిరాడదు, అంతే. టీ గ్లాసు కడగడానికి కూడా ఆయన గతంలో మార్గదర్శకాలు జారీ చేశారు.

"సెలవు అనేది హక్కు కాదమ్మా, సదుపాయం. అప్పగించిన కార్యం సంతృప్తికరంగా ముగిసిన మీదట సదరు సదుపాయం పరిశీలనార్హం" అన్నారాయన.

అంటే వీడియో పాసైతేనే సెలవన్నమాట. సుభాషిణి నవ్వుకుంటూ బయటికొచ్చింది. వీడియోలో వంక పెట్టడానికేముందని ఆవిడ ధీమా.

ఆ వారమే ఎండీగారి గదిలో తెర కట్టి వీడియో వేశారు. ఎండీ దశరథరామారావు గారు తెరమీద తన్ను తాను చూసుకుంటూ తృప్తిగా తలాడిస్తున్నారు. తెరమీది ఎండీగారు 'తాటాకే మన బాట' అని ప్రసంగం ముగించారు. ఆయన బొమ్మ నెమ్మదిగా పల్చబడుతుండగా, దాని వెనకనుంచి డిప్యూటీ మేనేజరు కుటుంబరావు బొమ్మ నెమ్మదిగా పైకి తేలింది. ఒక్క క్షణం పాటు రెండు మొహాలూ ఒకదాని మీద ఒకటి నిలిచాయి. నున్నగా గీసుకున్న ఎండీగారి పెదవి మీద కుటుంబరావు గుబురు మీసం మొలిచింది.

"ఆ మీసం ఎవరిది?" అని ఎండీగారు నెమ్మదిగా అడిగారు.

కుటుంబరావు తన మీసాన్ని చేత్తో కప్పుకున్నాడు. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ మీసం మొలిచింది. మూడోసారి సరిగ్గా అక్కడే బొమ్మ ఆపించి, హయగ్రీవరావు గారు తెర దగ్గరకు నడిచి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని పరిశీలించారు. కింది అధికారి పై అధికారి మీద ఎక్కి ఉన్నాడు. అది కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది.

సుభాషిణి నచ్చజెప్పడానికి చూసింది. దీన్ని క్రాస్‌ఫేడ్ అంటారని, ఒక క్లిప్పు పోతూ ఇంకోటి వస్తూ మధ్యలో కాసేపు కలిసుంటాయని, టక్కున మారితే కళ్ళకు ఇబ్బందిగా ఉంటుందని అలా పెడతారని చెప్పింది. ఎంతసేపు కలిసుంటాయని హయగ్రీవరావు గారు అడిగారు. ఒక సెకను అంది. ఆ ఒక సెకను ఎవరు నిర్ణయించారన్నారు. మనం మార్చకపోతే సాఫ్ట్‌వేరే ఒక సెకను పెట్టేస్తుందండీ అంది.

"ఏ ఉత్తర్వు ప్రకారం?" అన్నారాయన.

ఉత్తర్వు లేకుండా ఒక సాఫ్ట్‌వేరు అధికారుల్ని ఒకరి మీద ఒకర్ని ఎక్కిస్తోందని అప్పటికి గాని మండలికి తెలియలేదు. మర్నాటికల్లా ఒక సంఘం వేశారు. ఇంగ్లీషు పేరు గౌరవంగా లేదని క్రాస్‌ఫేడ్‌కి 'అన్యోన్య విలీనం' అని పేరు పెట్టి, సంఘానికి అన్యోన్య విలీన కాల నిర్ధారణ సంఘం అని నామకరణం చేశారు. హయగ్రీవరావు గారు అధ్యక్షులు. సుభాషిణి బల్ల చివర కూర్చుని, అడిగినప్పుడు సమాధానం చెప్పాలి.

మొదటి సమావేశమంతా ఒకే ప్రశ్న మీద గడిచింది. ఒక అధికారి బొమ్మ ఎక్కువసేపు కరుగుతూ ఉంటే అది ఆయనకు గౌరవమా, అగౌరవమా? టక్కున పోవడం అంటే గెంటేసినట్టని కొందరన్నారు. నెమ్మదిగా పోవడం అంటే నీరసించినట్టని ఇంకొందరన్నారు. పెద్దలెప్పుడూ తాపీగానే లేచి వెళతారని, బంట్రోతు మాత్రమే పరుగెత్తుతాడని హయగ్రీవరావు గారు తేల్చారు. దాంతో హోదా పెరిగినకొద్దీ నిడివి పెరగాలని తీర్మానమైంది. ఎండీగారికి నాలుగు సెకన్లు, డైరెక్టర్లకు మూడు, మేనేజర్లకు రెండు, సహాయకులకు ఒకటి. హోదా అంటూ లేనివాళ్ళకు విలీనం లేదు, వాళ్ళు టక్కున వచ్చి టక్కున పోతారు.

అక్కడితో అయిపోయేదే. సుభాషిణి నోరు ఊరుకోలేదు. "నిడివి ఎంత పెట్టినా సరిగ్గా మధ్యలో మాత్రం ఇద్దరూ చెరిసగం కనపడతారండీ" అంది.

చెరిసగం అన్న మాట విని సంఘం నిర్ఘాంతపోయింది. ఎండీగారు, కుటుంబరావు ఒక్క క్షణమైనా సమానులా? ఇలా ఇన్నాళ్ళుగా ఎన్ని వీడియోల్లో ఎందరు సమానులైపోయారో అని హయగ్రీవరావు గారు నుదురు పట్టుకున్నారు. రెండో సమావేశంలో మధ్యబిందువునే జరపాలని నిర్ణయించారు. మధ్యలో ఉన్నా పై అధికారి డెబ్బై పాళ్ళు, కింది అధికారి ముప్ఫై పాళ్ళు ఉండాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడన్నట్టు, డైరెక్టర్లలో డైరెక్టర్లకు తేడా రావడంతో ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి ఒకరికి యాభై ఒకటి, ఇంకొకరికి నలభై తొమ్మిది ఇచ్చారు. సుభాషిణి తండ్రి అప్పాజీ గారు రోజూ పొద్దున్నే ఫోను చేసి సంతకమైందా అమ్మా అని అడిగేవారు. ఇంకా మీసం దగ్గరే ఉన్నాం నాన్నా అని ఆవిడ చెప్పేది. ఆయనకు అర్థం కాకపోయినా కూతురి మీద నమ్మకంతో సరేననేవారు.

తీర్మానాల ప్రకారం నాలుగు సెకన్లు పెట్టబోతే సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు. క్లిప్పు చివర అంత మిగులు లేదని అడ్డం చెప్పింది. ఇది ధిక్కారమని హయగ్రీవరావు గారికి అనిపించింది. సాఫ్ట్‌వేరుకు మెమో ఇద్దామని ఒకపూట ఆలోచించారు గాని, దాని హోదా ఏమిటో తెలియక ఏ నమూనాలో రాయాలో తేలలేదు. చివరికి సుభాషిణే విడమరిచి చెప్పింది. ఒకాయన నాలుగు సెకన్లు కరగాలంటే, మాట అయిపోయాక కూడా కెమెరా ముందు నాలుగు సెకన్లు నిలబడి ఉండాలి. వచ్చేటప్పుడూ అంతే, మాట మొదలెట్టే ముందు నాలుగు సెకన్లు ఊరికే నిలబడాలి. లేకపోతే కరగడానికి సరుకుండదు.

దాంతో అందరినీ మళ్ళీ చిత్రీకరించారు. మండలి చరిత్రలో అంత ఉత్సాహంగా జరిగిన పని ఇంకొకటి లేదు. ప్రసంగం తడబడే డైరెక్టర్లు కూడా ఊరికే నిలబడటంలో ఆరితేరిపోయారు. వరండాల్లో, మెట్ల మీద, క్యాంటీన్ ముందు అధికారులు చేతులు జోడించుకుని కదలకుండా నిలబడి సాధన చేసేవారు. ఎండీగారు 'నమస్కారం, సెలవు' అన్న రెండు మాటలకు అటూ ఇటూ నాలుగేసి సెకన్ల నిశ్శబ్దం పెట్టారు. ఆ నిశ్శబ్దంలో ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదని ఆఫీసంతా మెచ్చుకుంది. కుటుంబరావు ముందు జాగ్రత్తగా మీసం తీయించుకుని వచ్చాడు. వాళ్ళావిడ గుర్తుపట్టక తలుపు తియ్యలేదని క్యాంటీన్లో చెప్పుకున్నారు.

వీడియో పూర్తయ్యేసరికి పది నిమిషాల్ది ముప్పావుగంటయింది. అందులో ఒకరి మీద ఒకరు ఉండని ఘట్టం వెతికినా దొరకదు. పాతికేళ్ళ వేడుకలో దాన్ని చూడటానికి ప్రభుత్వ కార్యదర్శిగారు రాజధాని నుంచి వచ్చారు. ఆయన హోదా పట్టికలోనే లేదు, పట్టిక పైన ఉంది. అందుకని వీడియోలో ఆయన విలీనానికి అంతమంటూ పెట్టలేదు. మొదట వచ్చిన బొమ్మ చివరిదాకా పల్చగా అలాగే ఉంది. తాటితోపుల మీద, ఎండీగారి మీద, ఎగుమతుల పటం మీద ఆయనే లీలగా నవ్వుతూ ఉన్నారు. తెరమీద ఎక్కడ చూసినా తానే ఉండటం చూసి కార్యదర్శిగారు కరిగిపోయి, ఇంత భావగర్భితమైన వీడియో ఏ మండలీ తియ్యలేదన్నారు. ఆ ముప్పావుగంటలోనూ స్పష్టంగా కనపడినవాళ్ళు తాటాకు చాపలు అల్లే ఆడవాళ్ళు మాత్రమే. వాళ్ళకు విలీనార్హత లేదు కాబట్టి టక్కున వచ్చి, నిండుగా కనపడి, టక్కున పోయారు. వాళ్ళొచ్చినప్పుడల్లా హాల్లో జనం ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విలీనానికేనని హయగ్రీవరావు గారు రాసుకున్నారు.

వీడియో పాసైంది కదా, ఇక సెలవు ఖాయమనుకుంది సుభాషిణి. పెళ్ళి అప్పటికి నాలుగు రోజుల్లో ఉంది. ఎండీగారి బల్ల మీద తన చీటీ పైనే ఉందని తెలిసి లోపలికి వెళ్ళబోయింది. సరిగ్గా ఆ పొద్దున్నే ఎండీగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది.

మామూలుగానైతే పాతాయన సంతకం పెట్టి దిగుతారు, కొత్తవారు సంతకం పెట్టి ఎక్కుతారు. కానీ కార్యదర్శిగారి మెప్పు హయగ్రీవరావు గారి బుర్రలో కొత్త కిటికీలు తెరిచింది. తెరమీద మంచిదైనది నేలమీద చెడ్డదెలా అవుతుంది? వీడియోలో నాలుగు సెకన్లు కరిగే ఎండీగారు, ఆఫీసులోంచి మాత్రం టక్కున పోవడమేమిటి? అది గెంటేసినట్టు కాదా? ఆయన రాత్రికి రాత్రే ఉత్తర్వు తయారు చేశారు. సెకనుకి ఒక రోజు చొప్పున, ఎండీ మార్పిడికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పాత ఎండీగారు పల్చబడుతూ, కొత్త ఎండీగారు చిక్కబడుతూ కలిసి ఉంటారు.

కొత్త ఎండీ విజయభారతి గారు వచ్చేసరికి గదిలో రెండు కుర్చీలు ఆనించి వేసి ఉన్నాయి. రెండింటి వీపుల మీదా కలిపి ఒకటే తెల్ల తువ్వాలు పరిచి ఉంది. మొదటి రోజు తువ్వాలు చాలామట్టుకు దశరథరామారావు గారి వైపు ఉండేలా, రోజురోజుకీ ఆవిడ వైపు జరిగేలా హయగ్రీవరావు గారు స్వయంగా కొలిచి సర్దారు. విజయభారతి గారు ఆ తువ్వాలు వంక చూసి, హయగ్రీవరావు గారి వంక చూసి, ఇది ఇక్కడి ఆచారం కాబోలనుకుని కూర్చున్నారు. కొత్తగా వచ్చినచోట మొదటిరోజే ప్రశ్నలు వెయ్యకూడదని ఆవిడకు ఎవరో చెప్పారట.

ఇక సంతకాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరి సంతకం కొంత భాగమే చెల్లుతుంది కాబట్టి ప్రతి కాగితం మీదా ఇద్దరూ పెట్టాలి. సుభాషిణి చీటీ పట్టుకెళితే, పెళ్ళి జరిగేనాటికి నేను సగానికంటే తక్కువ ఉంటానమ్మా, ఆవిణ్ణి అడుగు అన్నారు దశరథరామారావు గారు. ఇది నేను రాకముందు పెట్టిన చీటీ కదా, ఆయన్నే అడుగు అన్నారు విజయభారతి గారు. అడకత్తెరలో పోకచెక్కలా అటూ ఇటూ తిరిగి తిరిగి సుభాషిణికి కాళ్ళు లాగాయి. రెండో రోజు సాయంత్రానికి ఇద్దరూ సరిగ్గా చెరిసగం అయ్యారు. తువ్వాలు నట్టనడుమకొచ్చింది. అప్పుడు గాని ఇద్దరి సగాలూ కలిసి ఒక సంతకం అవలేదు.

మంజూరు కాగితం చేతికిస్తూ హయగ్రీవరావు గారు ఒక్క వాక్యం చేర్చానన్నారు. సుభాషిణి చదివింది. డ్యూటీలోంచి సెలవులోకి టక్కున వెళ్ళకూడదట. సహాయకుల హోదాకు ఒక రోజు విలీనం వర్తిస్తుంది. సెలవు మొదలయ్యే రోజు, అంటే ఎల్లుండి, పెళ్ళిరోజు, ఆవిడ పొద్దున పూర్తిగా డ్యూటీలో ఉండి, సాయంత్రానికి పూర్తిగా సెలవులోకి వెళుతుంది.

"మరి ముహూర్తం మిట్టమధ్యాహ్నమండీ" అంది సుభాషిణి.

"కాబట్టి ముహూర్త సమయానికి నువ్వు సగం డ్యూటీలోనూ, సగం సెలవులోనూ ఉంటావు. ఏ ఇబ్బందీ లేదమ్మా. డ్యూటీలో ఉన్న సగాన్ని పర్యవేక్షించే నిమిత్తం ఆఫీసే అక్కడికి వస్తుంది" అన్నారాయన ఆప్యాయంగా.

ఆవిడకు ఒళ్ళు మండింది. ఆ కాగితం చింపి ఆయన బల్ల మీద పడెయ్యాలనిపించింది. చింపితే సెలవు పోతుంది, ముహూర్తం దసరా అవతలికి పోతుంది. మింగలేక కక్కలేక కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. బస్టాండులో సోమశేఖరానికి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. అతను చాలాసేపు నవ్వి, సగం వచ్చినా పర్లేదు, రావడం ముఖ్యం అన్నాడు. ఆ మాటకు ఆవిడ కోపం సగం చల్లారింది.

పెళ్ళి తణుకు అవతల ఒక కళ్యాణమండపంలో. అన్నట్టే మండలి మొత్తం బస్సు మాట్లాడుకుని వచ్చింది. మండపం ముందు పెళ్ళివారి పూలదండల పక్కనే మండలి బ్యానరు కట్టారు. ఆ రోజుకి విజయభారతి గారు ముప్పావు ఎండీ, దశరథరామారావు గారు పావు ఎండీ. అతిథులకు వేసిన పెద్ద సోఫాలో ఆవిడ మధ్యకు కూర్చున్నారు, ఆయన చివర అంచు మీద సర్దుకున్నారు. అప్పాజీ గారు మర్యాదకని ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ తెస్తే, పాతాయన గ్లాసులో పావువంతు ఉంచి మిగతాది వెనక్కి పంపించేశారు హయగ్రీవరావు గారు. వెనక్కి వచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని అప్పాజీ గారు అక్కడే నిలబడిపోయారు.

సుభాషిణిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు తెచ్చి పీటల మీద దింపారు. ఎదురుగా సోమశేఖరం. మధ్యలో అడ్డంగా తెర పట్టారు. ఒక కొస పెద మేనమామ చేతిలో, ఇంకో కొస చిన మేనమామ చేతిలో. పంతులుగారు చేతిగడియారం చూసుకుంటూ మంగళాష్టకాలు అందుకున్నారు. తెరకు అవతల ఉన్న మనిషి కాళ్ళ వేళ్ళు మాత్రం ఆవిడకు కనపడుతున్నాయి. పసుపు రాసిన ఆ వేళ్ళు చూస్తుంటే ఆవిడకు ఆఫీసూ లేదు, విలీనమూ లేదు.

అప్పుడే హయగ్రీవరావు గారి కళ్ళు తెర మీద పడ్డాయి. ఆయన వేదిక ఎక్కి వచ్చి, ఈ తెర ఎంతసేపట్లో దింపుతారని పంతులుగారిని అడిగారు. ఎంతసేపేమిటండీ, లగ్నం రాగానే తీసెయ్యడమే అన్నారు పంతులుగారు. తీసెయ్యడమంటే టక్కునా అని ఆయన అడిగారు. టక్కునే అన్నారు పంతులుగారు.

హయగ్రీవరావు గారి మొహం నిజంగానే బాధతో ముడుచుకుంది. వధువు సగం డ్యూటీలో ఉంది. ఇది సగం ఆఫీసు కార్యక్రమం. ఆఫీసు కార్యక్రమంలో ఒక దృశ్యంలోంచి ఇంకో దృశ్యంలోకి టక్కున వెళ్ళడం ఎలా కుదురుతుంది? పైగా సహాయకురాలికి విలీనార్హత ఉంది గాని, వరుడు ప్రైవేటు వ్యక్తి, అతనికి లేదు. అంటే వధువు కరుగుతూ కనపడాలి, వరుడు టక్కున కనపడాలి. ఒకే తెరతో రెండూ ఎలా సాధ్యమని ఆయన ఒక క్షణం తికమకపడి, మానవతా దృక్పథంతో వరునికి కూడా విలీనం మంజూరు చేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. తర్వాత చిన మేనమామ చేతిలోంచి తెర కొస మర్యాదగా అందుకున్నారు. అంత పెద్ద ఆఫీసరు అడిగితే కాదనలేక చిన మేనమామ ఇచ్చేశాడు.

జీలకర్ర బెల్లం ముద్దలు వధూవరుల చేతుల్లో పెట్టారు. ఇద్దరూ కుడిచేతులు తెర మీదుగా చాచి, ఎదుటివారి నెత్తి మీద ఉంచబోతూ ఆగారు. తెర దిగాలి, చూపులు కలవాలి, ముద్దలు నెత్తిన పెట్టాలి, అన్నీ ఒక్క క్షణంలో. పంతులుగారు సుముహూర్తే సావధాన అంటూ గొంతు పెంచారు. చెయ్యెత్తి సైగ చేశారు. డోలు సన్నాయి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి.

తెర దిగలేదు. దిగింది గాని, బియ్యంలో రాళ్ళేరేవాడి ఓపికతో దిగుతోంది. సోమశేఖరం బాసికం కనపడింది. పెద మేనమామ తన కొస వదిలేశాడు. హయగ్రీవరావు గారు కంగారుపడకుండా ఆ కొస కూడా అందుకుని, రెండు చేతుల్తో రెండు కొసలూ పట్టుకుని, పెదవులతో లెక్కపెట్టుకుంటూ వేలెడంత చొప్పున దింపుతున్నారు. నుదురు కనపడింది. పంతులుగారు గడియారం వంక, తెర వంక మార్చి మార్చి చూస్తూ చదివిన మంత్రమే మళ్ళీ చదువుతున్నారు. "లగ్నం దాటిపోతోందండీ బాబూ" అన్నారు మంత్రం మధ్యలోనే. అప్పాజీ గారు మజ్జిగ గ్లాసు వదిలేసి వేదిక మీదికి పరుగెత్తుకొచ్చారు. ఆయన మొహంలో రక్తం చుక్క లేదు.

సుభాషిణి తండ్రి మొహం చూసింది. తెర పైన అప్పుడే కనుబొమలు వస్తున్నాయి. ఆ కింద కళ్ళున్నాయి. ఆ కళ్ళు ఇప్పుడు చూడకపోతే దసరా దాటాక చూడాలి.

ఆవిడ ఎడమచేత్తో తెరను మధ్యకంటా పట్టుకుని ఒక్క లాగు లాగింది.

తెర వచ్చింది. తెరతోపాటు, రెండు కొసలూ గట్టిగా పట్టుకుని ఉన్నందుకు హయగ్రీవరావు గారూ వచ్చారు. అక్షింతల పళ్ళెం మీదుగా బోర్లాపడి, తెర కింద దాక్కున్నట్టయిపోయారు. సోమశేఖరం కళ్ళు పెద్దవి చేసి ఆవిణ్ణి చూశాడు, ఆవిడ అతన్ని చూసింది, రెండు ముద్దలూ రెండు నెత్తుల మీద ఒకేసారి పడ్డాయి. పంతులుగారు గడియారం చూసి, తలపైకెత్తి, అందింది అన్నారు. మండపం మొత్తం హోరెత్తింది. సోఫాలో ముప్పావు ఎండీగారూ పావు ఎండీగారూ మాత్రం హోదా మరిచిపోయి పొట్టలు పట్టుకుని నవ్వారు.

తెర కింద నుంచి హయగ్రీవరావు గారి తల బయటికొచ్చింది. నెత్తి నిండా అక్షింతలు. పడ్డా ఆయన గొంతులో అధికారం పడలేదు.

"సుభాషిణీ, ఇది విధి నిర్వహణలో ధిక్కారం. డ్యూటీలో ఉన్న నువ్వు అధికారి చేతిలోని వస్తువును లాగినందుకు సంజాయిషీ ఇవ్వాల్సి ఉంటుంది" అన్నారు.

సుభాషిణి చెయ్యి ఇంకా మొగుడి నెత్తి మీదే ఉంది. అతని చెయ్యి ఆవిడ నెత్తి మీద ఉంది. ముద్ద జారిపోతుందేమోనని తల తిప్పకుండా, కళ్ళు మాత్రం ఇటు తిప్పి, ఎంతో వినయంగా చెప్పింది.

"సగం డ్యూటీ, సగం సెలవు అని మీరే రాశారు కదండీ. జీలకర్ర బెల్లం పెట్టిన చెయ్యి డ్యూటీలో ఉందండీ. తెర లాగిన చెయ్యి సెలవులో ఉంది."

హయగ్రీవరావు గారు అక్కడే కూర్చుని ఆలోచించారు. నియమావళి మొత్తం ఒకసారి మనసులో తిరగేసుకున్నారు. ఎటు నుంచి చూసినా అది సరిగ్గానే ఉంది. అప్పుడాయన లేచి నిలబడి, తన నెత్తి మీది అక్షింతలు రెండు చేతుల్తో దోసిట్లోకి దులుపుకుని, లెక్కపెట్టకుండా, అన్నీ ఒక్కసారే ఆ ఇద్దరి మీదా పోసేశారు.